కర్తృత్వానికి కాలదోషం లేదు



వ్యాకరణ పాఠం ఎవరు చెప్పినా కర్త, కర్మ, క్రియ అనే మూడు మాటలతోనే మొదలుపెట్టాలి. క్రియ ఉన్నదంటే దానికి కర్త ఉన్నాడు. వాక్యంలో అతడు కనబడకపోతే అధ్యాహారం చేసుకుంటాము. అంతేకాని, పని చేసినవాణ్ణి లేవదీసి, ఆ పీట మీద పని చేయనివాణ్ణి కూర్చోబెట్టి, మూడేళ్ళలోగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గనుక ఇక వీడే కర్త అనే సూత్రాన్ని పాణిని చెప్పలేదు, చిన్నయసూరి చెప్పలేదు. అమెరికాలోని ఒక అప్పీలు న్యాయస్థానం 1996లో ఫలితార్థంగా చెప్పింది. ఆ తీర్పు మీదా, ఆ తీర్పును తేలికగా తీసుకొని కథలు చెప్పుకుంటున్న లోకం మీదా నా ఆక్షేపణ.

రాక్ అండ్ రోల్ పాటతో తెలుగు పండితుడికి ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా వివాదం సంగీతంతో కాదు, సంతకంతో. ఒక కృతి కింద ఎవరి పేరు ఉండాలనేది సాహిత్య విద్యార్థి ప్రశ్నే. ఆ కృతి నన్నయ పద్యమైనా, న్యూయార్కు వీధి మూలన నిలబడి పిల్లలు పాడుకున్న పాటైనా ప్రశ్న మారదు.

ఆ పిల్లలు ఐదుగురు. 1954లో న్యూయార్కు నగరపు ఉత్తర భాగంలో, ఎడ్వర్డ్ డబ్ల్యు. స్టిట్ జూనియర్ హైస్కూలులో చదువుకుంటున్నవారు. జిమ్మీ మర్చంట్, షెర్మన్ గార్న్స్ అనే ఇద్దరు నల్లజాతి కుర్రవాళ్ళు మొదట జత కట్టారు. ప్యూర్టోరికో మూలాలున్న హెర్మన్ శాంటియాగో, జో నెగ్రోని వారితో కలిశారు. ఆ జట్టుకు లీడ్ గాయకుడు, అంటే ముందు నిలబడి పాడేవాడు, అప్పట్లో శాంటియాగో. జట్టు పేరు ఒకటి రెండుసార్లు మారింది. చివరగా చేరినవాడు ఫ్రాంకీ లైమన్. 1942 సెప్టెంబరు 30న పుట్టినవాడు. అందరికంటే చిన్నవాడు, అందరికంటే తీక్ష్ణమైన గొంతు గలవాడు.

వీరు పాడిన పద్ధతికి తరువాతి కాలంలో డూవాప్ అని పేరు వచ్చింది. వాద్యాలు కొనే స్తోమత లేని ఇళ్ళ పిల్లలు గొంతులనే వాద్యాలు చేసుకున్న పద్ధతి అది. మెట్ల దారుల్లో, పాఠశాల వసారాల్లో, ధ్వని మారుమోగే చోట్ల నిలబడి సాధన చేసేవారు. అడుగున మంద్రస్థాయి గొంతు మృదంగంలాగా నడుస్తుంది. దానిని బేస్ అంటారు. దాని మీద బారిటోన్, ఆ పైన టెనర్ గొంతులు శ్రుతి పరుస్తాయి. ఈ పరుపు మీద లీడ్ గొంతు నడుస్తుంది. వినేవాడికి లీడ్ గొంతే గుర్తుంటుంది. పరుపు లాగేస్తే ఆ గొంతు నేల మీద పడుతుందని పాడేవాళ్ళకు తెలుసు. ఈ జట్టులో గార్న్స్ బేస్, నెగ్రోని బారిటోన్, శాంటియాగో, మర్చంట్ టెనర్లు.

వారి మొదటి రికార్డు 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్'. మూర్ఖులు ప్రేమలో ఎందుకు పడతారని అడిగే పాట. దాని పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథనం ఇది. గార్న్స్ ఉండే భవనంలోనే కాపురముండే ఒకాయన ఈ పిల్లల సాధన విని, తనకు ప్రియురాలు రాసిన ప్రేమలేఖలు కొన్ని ఇచ్చి, వీటిలోనుంచి పాటలేమైనా కట్టుకోండి అన్నాడట. ఆ లేఖల్లోని ఒక భావాన్ని పట్టుకొని శాంటియాగో, మర్చంట్ పాటగా అల్లారు. లైమన్ వచ్చాక తన గొంతుకు తగినట్టు దానికి మెరుగులు దిద్దాడు. పాట సమష్టిగా పుట్టింది. అలా పుట్టిన పాటకు కర్తలు బహువచనంలోనే ఉంటారు.

వాలెంటైన్స్ అనే మరొక జట్టుకు చెందిన రిచర్డ్ బారెట్ వీరిని విని, జార్జి గోల్డ్‌నర్ అనే రికార్డుల వ్యాపారి దగ్గరకు తీసుకువెళ్ళాడు. గోల్డ్‌నర్‌కు గీ రికార్డ్స్ అనే సంస్థ ఉంది. 1956 జనవరిలో రికార్డు బయటికి వచ్చింది. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి చేరి ఐదు వారాలు అక్కడే ఉంది. శ్వేతజాతీయులు ప్రధానంగా కొనే పాప్ జాబితాలో 6వ స్థానం వరకు వెళ్ళింది. ఆ ఏడాది జూలైలో బ్రిటన్‌లో మొదటి స్థానంలో మూడు వారాలు నిలిచింది. పాడినవాడికి పదమూడేళ్ళు. పదమూడేళ్ళ నల్లజాతి బాలుడు లండను నగరాన్ని ఊపివేయడం అప్పటికి ఎవరూ చూడని సంగతి.

ఇక్కడ రెండు చిన్న విషయాలు గమనించమని మనవి. ఆ రికార్డు మొదటి ముద్రణల మీద జట్టు పేరు 'ద టీనేజర్స్', దాని కింద 'ఫీచరింగ్ ఫ్రాంకీ లైమన్' అని ఉంది. అంటే జట్టు ముందు, లైమన్ తరువాత. కొద్ది కాలానికి అది 'ఫ్రాంకీ లైమన్ అండ్ ద టీనేజర్స్' అయింది. జట్టులో ఉన్నవాడు జట్టుకు యజమాని అయ్యాడు. మిగిలిన నలుగురు పరివారమయ్యారు. రెండో విషయం ఇంతకంటే ముఖ్యమైనది. తొలి ముద్రణల మీద పాట రచయితలుగా లైమన్, శాంటియాగో, గోల్డ్‌నర్ అనే మూడు పేర్లు ఉన్నాయి. తరువాతి ముద్రణల్లో శాంటియాగో పేరు మాయమైంది. లైమన్, గోల్డ్‌నర్ మిగిలారు. మర్చంట్ పేరు మొదటినుంచీ లేదు.

గోల్డ్‌నర్ ఆ పాటలో ఏ మాట రాశాడు? అతడు రికార్డు చేయించాడు, అచ్చు వేయించాడు, అమ్మాడు. అది వ్యాపారం, దానికి తగిన లాభం తీసుకోవచ్చు. కాని అచ్చు వేయించినవాడు కవి ఎలా అవుతాడు? వావిళ్ళ రామస్వామిశాస్త్రులవారి సంస్థ ప్రాచీన కావ్యాలను ఎన్నింటినో అచ్చు వేసింది. ఆ కావ్యాలకు తామే కర్తలమని వావిళ్ళవారు అట్ట మీద వేసుకున్నారా?

పేరు పోతే ఏమి పోయింది, పాట ఉన్నది కదా అనేవారి కోసం అక్కడి లెక్క కొంచెం చెప్పాలి. అప్పుడు అమెరికాలో అమలులో ఉన్నది 1909 నాటి కాపీరైటు చట్టం. ఆ చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి రికార్డయ్యాక, దానిని మరెవరైనా మళ్ళీ పాడి రికార్డు చేసుకోవచ్చు. అమ్మిన ప్రతి ప్రతికీ 2 సెంట్లు పాట హక్కుదారులకు చెల్లిస్తే చాలు. ఆ రెండు సెంట్లను పాట ప్రచురణకర్త, రచయిత పంచుకోవడం ఆచారం. మొదట పాడిన గాయకులకు అందులో చిల్లిగవ్వ రాదు. రేడియోలో పాట వేసినందుకు వచ్చే రుసుము కూడా రచయితకూ ప్రచురణకర్తకే చెందుతుంది. అమెరికా రేడియో స్టేషన్లు గాయకులకు ఇవ్వవలసిన పని ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

ఇప్పుడు చూడండి. టీనేజర్స్ రికార్డు వచ్చిన కొద్ది వారాల్లోనే అదే పాటను డైమండ్స్ అనే జట్టు పాడింది. గేల్ స్టార్మ్ అనే నటి పాడింది. ఇద్దరూ శ్వేతజాతి శ్రోతల కోసం పాడినవారే. వారి రికార్డులు కూడా పాప్ జాబితాలో మొదటి పన్నెండు స్థానాల్లోకి వచ్చాయి. 1964లో బీచ్ బాయ్స్ పాడారు. 1981లో డయానా రాస్ పాడితే అమెరికాలో 7వ స్థానానికి వెళ్ళింది. ఇన్నిసార్లు ఆ పాట పలికినప్పుడల్లా సొమ్ము ఎటు పోతుంది? పాట కింద ఏ పేరు ఉందో ఆ పేరు గల ఇంటికి పోతుంది. ఆ సందర్భంలో పేరంటే కీర్తి ఒక్కటే కాదు, అన్నం కూడా. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

గోల్డ్‌నర్‌కు జూదం వ్యసనం. అప్పులు తీర్చడానికి తన రికార్డు సంస్థలను, పాటల హక్కులను మారిస్ లెవీ అనే ఆసామికి అమ్ముకున్నాడు. లెవీ బర్డ్‌ల్యాండ్ అనే సంగీతశాలకు యజమాని, రూలెట్ రికార్డ్స్ స్థాపకుడు. ఈ అమ్మకం తరువాత 'వై డూ ఫూల్స్...' పాట కింద గోల్డ్‌నర్ పేరు ఉండే చోట లెవీ పేరు వచ్చి చేరింది. ఇల్లు అమ్మితే ఇల్లు కొన్నవాడిది అవుతుంది, ఒప్పుకుంటాను. ఇంట్లో పుట్టిన బిడ్డకు తండ్రి కూడా మారిపోతాడా? హక్కు కొనవచ్చు. కర్తృత్వాన్ని కొనడం, అమ్మడం భౌతికంగా అసాధ్యం. అది జరిగిపోయిన చర్య. భూతకాలంలో జరిగిన క్రియకు వర్తమానంలో కర్తను మార్చే ప్రత్యయం ఏ భాషలోనూ లేదు.

ఇది ఒక్క పాటతో ఆగిన సంగతి కాదు. 'మై బాయ్ లాలీపాప్', 'కాలిఫోర్నియా సన్' వంటి పాటల కింద కూడా లెవీ పేరు రచయితల్లో ఒకడిగా కనబడుతుంది. ఇది ఒక్క లెవీ గుణమూ కాదు. చక్ బెర్రీ 1955లో పాడిన 'మేబెలీన్' పాట కింద ఆలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత పేరు, రస్ ఫ్రాటో అనే మరొకరి పేరు సహరచయితలుగా చేర్చబడ్డాయి. పాట పూర్తి హక్కు బెర్రీకి మళ్ళీ దక్కేసరికి 1986 వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పట్టినా అక్కడ తప్పు దిద్దబడింది. ఈ పిల్లల విషయంలో దిద్దిన తప్పును మళ్ళీ చెరిపివేశారు. అది చెప్పేముందు వారు ఏమయ్యారో చెప్పాలి.

1957లో జట్టు విడిపోయింది. లండను పెలేడియంలో పాడిన ఏడాదే లైమన్‌ను విడదీసి ఒంటరి గాయకుడిగా నిలబెట్టారు. ఆ జూలైలో ఆలన్ ఫ్రీడ్ నడిపిన 'ద బిగ్ బీట్' అనే టెలివిజన్ కార్యక్రమంలో లైమన్ ఒక శ్వేతజాతి అమ్మాయితో కలిసి నాట్యం చేశాడు. దక్షిణాది స్టేషన్లు మండిపడ్డాయి, కార్యక్రమమే రద్దయింది. గొంతు మారే వయసు వచ్చింది. బాలుడి గొంతు పోయింది. హెరాయిన్ వ్యసనం అంతకుముందే పట్టుకుంది. 1968 ఫిబ్రవరి 27న హార్లెంలో, నాయనమ్మో అమ్మమ్మో ఒకరి ఇంట్లో, ఇరవై ఐదేళ్ళ వయసులో మరణించి కనబడ్డాడు. బ్రాంక్స్‌లోని సెయింట్ రేమండ్స్ శ్మశానంలో పూడ్చారు. ఆ సమాధి మీద పేరు చెక్కిన రాయి చాలా ఏళ్ళ వరకు లేదు. గార్న్స్ 1977లో, నెగ్రోని 1978లో పోయారు. ఇద్దరూ నలభై ఏళ్ళయినా నిండనివారే.

ఈ కథను లోకం ఎలా చెప్పుకుంటుందో చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. బాలమేధావి, చిన్నతనంలో వచ్చిపడ్డ కీర్తి, మత్తుమందు, అకాలమరణం, ఇదొక రకం. డయానా రాస్ పాట మళ్ళీ సొమ్ము తెచ్చిపెట్టాక లైమన్ భార్యలమని ముగ్గురు స్త్రీలు న్యాయస్థానానికి వెళ్ళారు: ఎలిజబెత్ వాటర్స్, ప్లాటర్స్ జట్టు గాయని జోలా టేలర్, ఉపాధ్యాయురాలైన ఎమీరా ఈగిల్. చివరకు ఈగిల్‌దే చట్టబద్ధమైన హక్కని తేలింది. ఈ వ్యాజ్యం మీద 1998లో గ్రెగరీ నావా దర్శకత్వంలో పాట పేరుతోనే సినిమా వచ్చింది. ముగ్గురు భార్యల తగవు అనగానే జనానికి వినోదం. కాని ఆ ముగ్గురూ దేనికోసం వాదులాడుకున్నారు? లైమన్ బ్రతికి ఉండగా అతడి చేతికి రాని రచయిత సొమ్ము కోసం. దొంగ పెరటి దారిన పోతూ ఉంటే ముంగిట్లో ముగ్గురు ఆడవాళ్ళ మాటలు విని నవ్వుకోవడం వంటిది ఇది.

ఇక అసలు వ్యాజ్యం. బ్రతికి ఉన్న శాంటియాగో, మర్చంట్ 1987లో న్యాయస్థానానికి వెళ్ళారు. అప్పటికి ఇద్దరూ పేదరికంలో ఉన్నారు. వారు అడిగినది ఈ పాటకు తామూ కర్తలమని తేల్చమని. సాక్ష్యాలు విని, ఉభయ పక్షాల వాదనలు విని, 1992లో జ్యూరీ తేల్చింది: శాంటియాగో, మర్చంట్, లైమన్ ముగ్గురూ ఈ పాటకు సహరచయితలు. లెవీ పేరు ఆ జాబితాలో లేదు. అప్పటికి లెవీ లేడు కూడా. బెదిరించి సొమ్ము రాబట్టే కుట్రలో 1988లో దోషిగా తేలి, పదేళ్ళ శిక్ష పడి, అది అనుభవించకుండానే 1990లో చనిపోయాడు.

నాలుగేళ్ళు గడిచాయి. 1996లో రెండవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును తలకిందులు చేసింది. వారు రచయితలు కారని చెప్పలేదు. జ్యూరీ తేల్చినది అబద్ధమనలేదు. కాపీరైటు చట్టం కింద వ్యాజ్యానికి గడువు మూడేళ్ళు. సహకర్తలమనే హక్కు కూడా ఆ గడువులోగానే అడగాలి. వీరు ముప్ఫై ఏళ్ళు దాటాక వచ్చారు. కనుక అడగడానికి వీల్లేదు అన్నది. పాట కర్తృత్వం తిరిగి లైమన్, లెవీ పేర్లకే వెళ్ళింది. జరిగినదేమిటో జ్యూరీ ముందు రుజువైంది. రుజువైన సత్యాన్ని గడియారం చూపించి బయటికి పంపారు.

ఎదుటి పక్షం వాదనలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది, కాలపరిమితి లేకపోతే వ్యాజ్యాలకు అంతు ఉండదు, సాక్షులు పోతారు, కాగితాలు పోతాయి, పాత పగలు తవ్వుకుంటూ కూర్చోవలసి వస్తుంది అనేది. ఇది మంచి వాదన. అప్పు పత్రానికి, పొలం గట్టుకు, ఇంటి అద్దెకు కాలపరిమితి ఉండవలసిందే. మన దేశంలోనూ ఉన్నది. కాని ఇక్కడ సాక్షులు పోలేదు. ఇద్దరు కర్తలే సాక్షులుగా నిలబడ్డారు. కాగితం పోలేదు, శాంటియాగో పేరు ఉన్న తొలి రికార్డు ముద్రణలే ఉన్నాయి. జ్యూరీ విన్నది, తేల్చింది. ఇంకా చెప్పాలంటే, గడచిన ముప్ఫై ఏళ్ళ సొమ్ము ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాను. డబ్బుకు కాలదోషం పట్టవచ్చు. ఈ పాట ఎవరు రాశారనే ప్రశ్నకు జవాబు కూడా పాతబడి చెల్లకుండా పోతుందా? సొమ్మునూ పేరునూ ఒకే మూటగట్టి పారవేయడమే ఆ తీర్పులోని దోషం.

రెండవది, అంతకాలం ఎందుకు ఊరుకున్నారు అనేది. ఊరుకున్నది ఎవరో గుర్తుంచుకోండి. పాట రాసేనాటికి వారు బడిపిల్లలు. ఎదుట ఉన్నవాడు నేరప్రపంచంతో చుట్టరికం ఉన్నవాడని తరువాత న్యాయస్థానమే తేల్చిన వ్యాపారి. వారి వీధిలో వకీలు లేడు, వారి ఇంట్లో ఒప్పందపత్రం చదవగలిగినవాడు లేడు. బలహీనుడి మౌనాన్ని అంగీకారంగా లెక్కకట్టడం బలవంతుడికి ఎప్పుడూ లాభమే.

మూడవది, గోల్డ్‌నర్, లెవీ వంటివారు లేకపోతే ఆ పిల్లల పాట ఆ మెట్ల దారిలోనే మిగిలిపోయేది కదా, అవకాశం ఇచ్చినవాడు కొంత పుచ్చుకుంటే తప్పేమిటి అనేది. ఈ వాదన మన సినిమా వీధుల్లోనూ వినబడుతుంది. అవకాశం ఇచ్చినవాడికి లాభం, కృతజ్ఞత రెండూ ఇవ్వవలసిందే. రాజు కవికి అగ్రహారం ఇచ్చాడు. ప్రతిగా కృతిభర్త అయ్యాడు. కృతికర్త కాలేదు. భర్త అనే మాటకూ, కర్త అనే మాటకూ ఉన్న ఈ తేడా మనవారు వెయ్యేళ్ళ నాడే పాటించారు. కావ్యానికి పెట్టుబడి పెట్టినవాడి పేరు చిరకాలం నిలవడానికి కృతిభర్తృత్వం అనే గౌరవమైన స్థానం కల్పించారు. గోల్డ్‌నర్‌కు అటువంటి స్థానం ఇవ్వవచ్చు. అతడి చెవి మంచిదని, అతడి తెగువ మెచ్చదగినదని రాయవచ్చు. రచయిత గడిలో అతడి పేరు రాయకూడదు.

నాలుగవది, అది చిన్న పాట, పిల్లల మాటలు, దానికి ఇంత రాద్ధాంతమా అనేది. చిన్న పాటే. ఆ చిన్న పాట మీద ఇంత సొమ్ము తిన్నవారు ఎవరూ అది చిన్నదని వదిలిపెట్టలేదు. వదిలిపెట్టమని చెప్పేది రాసినవారికే.

ఇప్పుడు మన ఇంటివైపు ఒకసారి చూద్దాము. భాస్కర రామాయణం హుళక్కి భాస్కరుడి పేరుతో వాడుకలో ఉన్నది. దానిని ఒక్కడు రాయలేదు. భాస్కరుడు, అతని కుమారుడు మల్లికార్జునభట్టు, శిష్యుడు కుమార రుద్రదేవుడు, మిత్రుడు అయ్యలార్యుడు కలిసి రాశారు. ఏ కాండ ఎవరిదో, యుద్ధకాండ ఎక్కడ చేతులు మారిందో ఈనాటికీ మన విద్యార్థులు చదువుకుంటారు. ముందు నిలబడ్డవాడి పేరు గ్రంథానికి వచ్చింది. వెనుక నిలబడ్డవారి పేర్లు పోలేదు. టీనేజర్స్‌కు కావలసినది ఈపాటి మర్యాదే.

ఎర్రన సంగతి ఇంకా గొప్పది. నన్నయ వదిలిపోయిన అరణ్యపర్వశేషాన్ని పూరించినవాడు ఎర్రన. మూడు వందల ఏళ్ళ తరువాత వచ్చినవాడు, నన్నయ రచనే సాగుతున్నదా అన్నట్టు, నన్నయ కృతిభర్త అయిన రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశాడు. తాను రాసినది పూర్వకవి ఖాతాలో వేశాడు. లెవీ చేసినది తనది కానిది తన ఖాతాలో వేసుకోవడం. ఎర్రన పేరు దాచుకున్నా లోకం దాచనివ్వలేదు. ఆ భాగం ఎర్రనదేనని చెప్పి కవిత్రయంలో కూర్చోబెట్టింది. ఆముక్తమాల్యద రాయలదా, పెద్దనదా అని ఇప్పటికీ పండితులు వాదించుకుంటారు. పాత వాదం అది. రాయలదేనని నేను నమ్ముతాను. అయినా, గడువు దాటింది గనుక అడగవద్దని నేను పెద్దన పక్షంవారితో అనలేను. సాక్ష్యం చూపమంటాను. కర్తృత్వ వివాదంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

ఇది కేవలం భావుకత కాదు, చట్టంలోనూ ఉన్నది. మన 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షను, హక్కులన్నీ ఇతరులకు రాసి ఇచ్చిన తరువాత కూడా కృతి తనదని చెప్పుకునే ప్రత్యేక హక్కు రచయితకు ఉంటుందని చెబుతుంది. 2012 నాటి సవరణ, సినిమా పాటల రచయితలకూ సంగీతకర్తలకూ రాయల్టీలో సమాన వాటా ఉండాలని, దానిని నిర్మాతకు రాసి ఇవ్వడం కుదరదని చెప్పింది. ఆచరణలో ఎన్ని లోపాలున్నా సూత్రం సరైనది. బెర్న్ ఒడంబడికలో కూడా కర్తగా చెప్పుకునే హక్కు సొమ్ము హక్కుకు భిన్నమైనదని ఉన్నది. అమెరికా ఆ ఒడంబడికలో 1989లో చేరింది. చేరిన ఏడేళ్ళకే ఈ తీర్పు! చేసిన సంతకానికి తగిన చట్టం సంగీతానికీ సాహిత్యానికీ చేసుకోకపోవడం వల్ల వచ్చిన ఫలితం ఇది. 1990లో వారు చేసుకున్న చట్టం చిత్రకళ, శిల్పం వంటి దృశ్యకళలతో ఆగిపోయింది.

1993లో, అంటే జ్యూరీ తీర్పుకూ దానిని కొట్టివేసిన తీర్పుకూ నడుమ, టీనేజర్స్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. గాయకులుగా ఐదుగురికీ గౌరవం దక్కింది. పాడినందుకు గౌరవం ఇచ్చి, రాసినందుకు పేరు ఇవ్వకపోవడం సగం న్యాయం. విస్తరి వేసి, వడ్డించకుండా లేపడం వంటిది.

బ్లాగ్మిత్రులకు ఈ సంగతి ఎందుకు నచ్చజెప్పవలసి వస్తున్నదో మీకు అర్థమయ్యే ఉంటుంది. కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరం కూర్చుకొని, రాత్రుళ్ళు మేలుకొని మనం రాసుకున్న టపాలు ఎన్నెన్ని పేరు లేకుండా చేతులు మారాయి! ఎవరో ఉత్తరంలో పంపుతారు, మరెవరో పత్రికలో వేసుకుంటారు, ఇప్పుడైతే వాట్సాపులో తిరిగి తిరిగి మన ముందుకే వస్తాయి, కింద ఎవరిదో సంతకంతో. అడిగితే, "పాతదే కదండీ, ఇప్పుడెందుకు" అంటారు. ఆ 'ఇప్పుడెందుకు' అనే మాటే అమెరికాలో తీర్పుగా వెలువడింది. మన వీధిలో అది ఇంకా అలవాటుగానే ఉన్నది. అలవాటు ముదిరితే ఆచారం, ఆచారం ముదిరితే చట్టం.

న్యాయస్థానం తలుపు మూసుకున్నది. చరిత్ర తలుపు మూయడానికి ఏ న్యాయమూర్తికీ అధికారం లేదు. ఆ పాట గురించి రాసే ప్రతివాడూ, వికీపీడియాలో మార్పు చేసే ప్రతివాడూ, దాని గొలుసు పంచుకునే ప్రతివాడూ ఒక చిన్న పని చేయవచ్చు. రచయితలు అన్నచోట హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్, ఫ్రాంకీ లైమన్ అని రాయండి. 1992లో జ్యూరీ తేల్చిన సంగతి అని పక్కన రాయండి. 1996లో ఏ కారణంతో కొట్టివేశారో అదీ రాయండి. దాచవద్దు, చదివేవారే బేరీజు వేసుకుంటారు. జట్టు పేరు రాసేటప్పుడు గార్న్స్, నెగ్రోని పేర్లు కూడా వేయండి. వారు పరచిన పరుపు మీదనే ఆ గొంతు నడిచింది.

వ్యాఖ్యల్లో భిన్నాభిప్రాయాలకు స్వాగతం. కాలపరిమితి పక్షాన వాదించే న్యాయవాద మిత్రులు ఎవరైనా ఉంటే తప్పక రాయండి. సొమ్ము సంగతి వదిలిపెట్టి, పేరు సంగతి మాత్రమే తీసుకొని, రుజువైన కర్తను కర్త కాదనడానికి ఒక్క హేతువు చూపించండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.

స్వస్తి.